రూట్ కెనాల్‌ని నింపడం, మూయడం

(దంతవైద్య విద్యార్థులకు, కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన డాక్టర్లకు ఒక ఎండోడాంటిస్ట్, అంటే పంటి వేరు లోపలి సన్నటి గొట్టానికి (రూట్ కెనాల్‌కి) చికిత్స చేసే నిపుణురాలు, చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వెళ్తాను. చివర్లో మీ చేతికి ఒక ట్రే ఇవ్వాలి, దానికి టైం మిగలాలి.

తెర మీద ఎడమవైపు ఉన్న ఎక్స్‌రే చూడండి. కింది దవడ ప్రీమోలార్, అంటే కోరపన్నుకీ దవడపళ్లకీ మధ్య ఉండే పన్ను. ఫిల్లింగ్ వేరు కొనకి కాస్త ముందు, ఆగాల్సిన చోటే ఆగింది. పైనుంచి కిందదాకా ఒకటే తెల్లటి గీత. పరీక్షలో అయితే మంచి మార్కులు పడతాయి. ఇప్పుడు కుడివైపు చూడండి. అదే పన్ను, అదే ఫిల్లింగ్. పీకిన పన్ను కాబట్టి 90 డిగ్రీలు తిప్పి పక్కనుంచి తీశాం. తెల్లటి గీత ఒక గోడకి ఒదిగిపోయింది. దాని పక్కన, నాలుక వైపు, వేరు మధ్యలో పొడుగ్గా నల్లటి ఖాళీ. ఈ పన్ను నింపింది నేనే, చదువుకునే రోజుల్లో. ఎడమవైపు బొమ్మ చూసి ఎంత సంతోషపడ్డానో, కుడివైపు బొమ్మ చూశాక అంత భయం వేసింది. ఎందుకంటే నోట్లో ఉన్న పంటికి మనం ఎప్పుడూ ఎడమవైపు బొమ్మే తీస్తాం. కుడివైపుది మనకి కనపడదు.

ఇవాళ నేను మాట్లాడేది ఆ నల్లటి ఖాళీ గురించి. ఏ పద్ధతిలో నింపితే అది ఎక్కడ మిగులుతుంది, అది ఉంటే పంటికి ఏమవుతుంది, దాన్ని తగ్గించడానికి మన చేతిలో ఏముంది.

అసలు కెనాల్‌ని ఎందుకు మూయాలి? 1965లో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జ్‌జెరాల్డ్ అనే ముగ్గురు ఎలుకల మీద చేసిన ప్రయోగం మీ అందరికీ తెలిసిందే. మామూలు ఎలుకల్లో పల్ప్‌ని (పంటి లోపలి మెత్తటి భాగాన్ని) తెరిచి వదిలేస్తే కుళ్లి చీము పట్టింది. పుట్టినప్పటినుంచి సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లో, ఆ రంధ్రంలో ఆహారం ఇరుక్కున్నా సరే, పల్ప్ బతికింది, పైన కొత్త డెంటిన్, అంటే పంటి గట్టి పదార్థం, కట్టుకుంది. జబ్బుకి కారణం బాక్టీరియా. మనం చేసే పనంతా వాటిని తీసేయడం, మళ్లీ రానివ్వకపోవడం.

అయితే పూర్తిగా తీసేయలేం. 2001లో పీటర్స్ బృందం మైక్రో సీటీతో (చాలా సూక్ష్మంగా చూపే స్కాన్‌తో) కొలిచి చూస్తే, కెనాల్‌ని గీకి శుభ్రం చేసే ఫైల్ ఏ రకం వాడినా కెనాల్ గోడల్లో 35 శాతం లేదా అంతకంటే ఎక్కువ భాగాన్ని ఫైల్ తాకనే లేదు. మందులు కొంత పనిచేస్తాయి, అయినా ఎక్కడో కొన్ని మిగులుతాయి. అందుకే ఫిల్లింగ్‌కి మూడు పనులు. పైనుంచి లాలాజలం దిగకుండా ఆపాలి. కింద ఎముక వైపు నుంచి ద్రవం ఊరి, మిగిలిన బాక్టీరియాకి ఆహారం కాకుండా ఆపాలి. మిగిలిపోయిన వాటిని కదలనివ్వకుండా అక్కడే సమాధి చేయాలి. మూడింటికీ కావలసింది ఒక్కటే: సందు లేకపోవడం.

ఇప్పుడు మన పదార్థం సంగతి. కెనాల్‌ని నింపడానికి వాడే గట్టా పర్చా ఒక చెట్టు పాల నుంచి వచ్చేది. రబ్బరుకి దగ్గర చుట్టం. రెండూ పాలీఐసోప్రీనే, అణువుల అమరికలో తేడా. దంతవైద్యంలో 19వ శతాబ్దం నుంచీ ఉంది. కానీ మనం వాడే కోన్‌లో (కొనదేలిన సన్నటి పుల్లలో) అసలు గట్టా పర్చా సుమారు 20 శాతమే, ఎక్కువ భాగం జింక్ ఆక్సైడ్. ఎక్స్‌రేలో కనపడడానికి లోహ లవణాలు, మెత్తదనానికి కొంచెం మైనం కలుపుతారు. ఇంత కాలం నిలబడిందంటే దానికి గుణాలున్నాయి. శరీరం సహిస్తుంది, కావాలంటే తీసేయొచ్చు, వేడికి మెత్తబడుతుంది. కానీ దానికి ఒక లోపం ఉంది. అది డెంటిన్‌కి అంటుకోదు. ఎంత నొక్కినా అంటుకోదు.

అంటే మూసేది గట్టా పర్చా కాదు. సీలర్, అంటే కోన్‌కీ గోడకీ మధ్య ఉండి గట్టిపడే పేస్టు. గట్టా పర్చా చేసేది సీలర్‌ని పల్చగా పరిచి, గోడకి ఆనించి ఉంచడం. ఇటుక గోడ గుర్తు తెచ్చుకోండి. ఇటుక అరగదు, కరగదు. నీళ్లు దిగేది ఇటుకల మధ్య సున్నం ఉన్న చోట. సున్నం ఎంత మందంగా ఉంటే అక్కడ అంత బలహీనం. సీలర్‌ కూడా అంతే. గట్టిపడేటప్పుడు కొంత కుంచించుకుపోతుంది, కాలం గడిచేకొద్దీ కొంత కరుగుతుంది. సీలర్ల కోసం ఉన్న ఐఎస్ఓ 6876 ప్రమాణం చూడండి. పొర మందం 50 మైక్రోమీటర్లు మించకూడదు, కరిగేది బరువులో 3 శాతం మించకూడదు. 3 శాతం అంటే చిన్నదే కదా అనిపిస్తుంది. పల్చటి పొరలో 3 శాతం పోతే ఏమీ కాదు. కెనాల్‌లో మూడో వంతు సీలరే ఉన్నప్పుడు అదే 3 శాతం ఒక దారి అవుతుంది. నింపే పద్ధతులన్నింటినీ నేను ఈ ఒక్క ప్రశ్నతోనే కొలుస్తాను: ఈ పద్ధతి నా సీలర్‌ని ఎక్కడ పల్చగా ఉంచింది, ఎక్కడ గుట్టగా వదిలేసింది?

అందరూ మొదట నేర్చుకునేది లాటరల్ కండెన్సేషన్. మాస్టర్ కోన్ (మొదటి పెద్ద కోన్) పెట్టి, స్ప్రెడర్ అనే మొనదేలిన పనిముట్టుతో పక్కకి నొక్కి, వచ్చిన సందులో చిన్న కోన్ పెట్టి, మళ్లీ నొక్కి. పాత పద్ధతి అని చిన్నచూపు చూడకండి. కోన్ లోతు మీద మీకు ఇంత అదుపు ఇచ్చే పద్ధతి ఇంకొకటి లేదు. కానీ దీని సీల్ మొత్తం స్ప్రెడర్ ఎంత లోతుకి వెళ్లిందనే దాని మీద ఉంటుంది. మాస్టర్ కోన్ పక్కనుంచి స్ప్రెడర్ పని పొడవుకి (ఫిల్లింగ్ ఆగాల్సిన చోటికి) ఒకటి రెండు మిల్లీమీటర్ల దాకా దిగిన పళ్లలో అడుగు బాగా మూసుకుంటుందని 1970ల చివర్లోనే చూపించారు. చాలామంది దగ్గర జరిగేదేమిటంటే, స్ప్రెడర్ నాలుగైదు మిల్లీమీటర్ల ముందే ఆగిపోతుంది. పైన పది చిన్న కోన్లు కూరి, ఎక్స్‌రే తెల్లగా వచ్చిందని తృప్తి పడతారు. అడుగున మాత్రం ఒకే కోన్, చుట్టూ సీలర్. అందుకే కోన్ పెట్టకముందే ఖాళీ కెనాల్‌లో స్ప్రెడర్ ఎంత దూరం వెళ్తుందో చూసుకోండి. అక్కడ దిగకపోతే కోన్ పక్కన అసలే దిగదు. అప్పుడు చేయాల్సింది కెనాల్ ఆకారం సరిచేయడం, లేదా సన్నటి స్ప్రెడర్ తీసుకోవడం. బలం పెంచడం కాదు. వేరు నిలువునా చీలితే ఆ పన్ను ఇక దక్కదు.

లాటరల్‌లో ఇంకో సంగతి. కోన్లు కరిగి ఒకటి అవ్వవు. అడ్డంగా కోసి చూస్తే దేనికదే విడిగా, మధ్యలో సీలర్‌తో ఉంటాయి. గుండ్రటి కెనాల్‌లో అది పెద్ద సమస్య కాదు. రెక్కలున్న కెనాల్‌లో, రెండు కెనాల్స్‌ని కలిపే సన్నటి ఇస్త్మస్‌లో, చల్లటి కోన్ దూరదు.

1967లో షిల్డర్ వేడి వర్టికల్ పద్ధతిని వివరిస్తూ కెనాల్‌ని మూడు కొలతల్లోనూ నింపాలన్నాడు. గట్టా పర్చాని మెత్తబరిచి కిందికి నొక్కితే అది గోడల గుంటల్లోకి, పక్క కెనాల్స్‌లోకి పోతుంది. పక్క కెనాల్ నిండిన ఎక్స్‌రే చూస్తే మనసుకి ఎంతో తృప్తిగా ఉంటుంది, నిజమే. అయితే ఇక్కడ భౌతికశాస్త్రం మర్చిపోకూడదు. గట్టా పర్చా సుమారు 42 నుంచి 49 డిగ్రీల సెల్సియస్ మధ్య ఒక దశ మారుతుంది, 53 నుంచి 59 మధ్య పూర్తిగా ఆకారం లేని మెత్తటి ముద్ద అవుతుంది. చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. అందుకే నొక్కిన ప్లగ్గర్‌ని (మొద్దు మొన ఉన్న కడ్డీని) వెంటనే తీయకూడదు. చల్లారేదాకా ఒత్తిడి ఉంచాలి. కంటిన్యూయస్ వేవ్ అనే వేడి పద్ధతిలో హీట్ ఆపాక పది సెకన్లు నొక్కి పట్టుకోమంటారే, అది అలంకారం కాదు. ఆ పది సెకన్లు తగ్గించుకుంటే గట్టా పర్చా గోడని వదిలి లోపలికి ముడుచుకుంటుంది. ఎక్స్‌రేలో తేడా ఏమీ తెలియదు.

వేడి పద్ధతి అన్నాం కదా అని అడుగుదాకా వేడి చేరిందనుకోవద్దు. ప్లగ్గర్ మొన నుంచి వేడి కొద్ది మిల్లీమీటర్లకి మించి దిగదు. ప్లగ్గర్ వేరు కొనకి నాలుగైదు మిల్లీమీటర్ల దాకా వెళ్తేనే అడుగున ఏదైనా కదలిక ఉంటుంది. వంకర తిరిగిన సన్నటి కెనాల్‌లో ప్లగ్గర్ ఎనిమిది మిల్లీమీటర్ల ముందే ఆగిపోయిందనుకోండి, పైన వేడి పద్ధతి, అడుగున చల్లటి సింగిల్ కోన్. పేరు మాత్రం వర్టికల్ కండెన్సేషన్! వేడి ఎక్కువసేపు పెట్టి దీన్ని సరిచేద్దామనుకుంటే ఇంకో ప్రమాదం. ఎముక 47 డిగ్రీల దగ్గర ఒక నిమిషం ఉన్నా దెబ్బతింటుందని 1983లో ఎరిక్‌సన్, ఆల్‌బ్రెక్ట్‌సన్ చూపించారు. వేరు బయటి గోడ వేడి శరీర ఉష్ణోగ్రత కంటే 10 డిగ్రీలు పెరగకూడదని మనం అనుకునేది అందుకే. మెత్తటి ముద్ద వేరు కొన దాటి పోవడం కూడా ఈ పద్ధతిలో ఎక్కువ. కింది దవడ నరం దగ్గరగా ఉన్న మోలార్లలో దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

క్యారియర్ పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. గట్టిగా ఉన్న కడ్డీ మీద మెత్తటి గట్టా పర్చా పూత, దాన్ని వేడిచేసి ఒకేసారి దించడం. పొడవాటి కెనాల్‌ని నిమిషంలో నింపుతుంది. వంపు దగ్గర పూత ఒరుసుకుపోతే అడుగున కడ్డీ నేరుగా గోడకి తగులుతుంది. అక్కడ ఇక సీల్ లేదు. మళ్లీ తెరవాల్సి వచ్చినప్పుడు పడే తిప్పలు వేరే.

మీలో చాలామంది ఇప్పుడు చేస్తున్నది సింగిల్ కోన్, బయోసిరామిక్ సీలర్. నాకు తెలుసు, చేతులెత్తమని అడగను. దీని మీద కొంచెం ఆగి మాట్లాడాలి.

సింగిల్ కోన్ ఒకప్పుడు చెడ్డపేరు తెచ్చుకున్న పద్ధతి. మందంగా సీలర్, అది కరిగిపోవడం, లీకేజ్. బయోసిరామిక్ అనే ఈ కాల్షియం సిలికేట్ సీలర్లు వచ్చాక లెక్క మారింది. ఇవి డెంటిన్‌లోని తేమతో గట్టిపడతాయి. గట్టిపడేటప్పుడు కుంచించుకుపోవడం చాలా తక్కువ. పీహెచ్ ఎక్కువగా ఉండడం వల్ల బాక్టీరియాకి గిట్టవు. అందుకని ఇక్కడ సీలరే ఫిల్లింగ్, కోన్ దాన్ని తోసే పిస్టన్ అంటున్నారు. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇలా నింపిన 307 పళ్లలో 90.9 శాతం విజయవంతమయ్యాయి. మంచి ఫలితమే. కానీ సగటున చూసింది రెండున్నరేళ్లు. పోల్చడానికి పక్కన ఇంకో గుంపు కూడా లేదు.

నా అభిప్రాయం ఇది. కెనాల్ గుండ్రంగా ఉండి, ఫైల్ ఆకారమూ కోన్ ఆకారమూ ఒకటే అయితే ఈ పద్ధతి హాయిగా చేయండి. అడుగు భాగంలో చాలా కెనాల్స్ అలాగే ఉంటాయి. కానీ ఇందాక చూసిన ప్రీమోలార్ లాంటి కోలగా ఉన్న కెనాల్‌లో మధ్య భాగంలో కోన్ చుట్టూ బోలెడు సీలర్ ఉంటుంది. అందులో గాలిబుడగలుంటాయి. కనీసం పక్కన ఒకటి రెండు కోన్లు పెట్టండి. సీలర్ ఏదైనా సరే, మైక్రో సీటీలో పూర్తిగా ఖాళీ లేని ఫిల్లింగ్ నేను చూడలేదు. ఇంకోటి, ఈ సీలర్లకి తేమ కావాలి కాబట్టి కెనాల్‌ని పేపర్ పాయింట్లతో (తడి పీల్చే సన్నటి కాగితపు పుల్లలతో) పూర్తిగా పీల్చి ఎండబెట్టేయకండి. అలాగని తడిగా వదలమని కాదు. చివరి పేపర్ పాయింట్ కొన మాత్రం కాస్త తడిగా రావాలి. రేపు మళ్లీ తెరవాల్సి వస్తే కోన్ ఉన్న మేర దారి దొరుకుతుంది. అందుకే కోన్ తప్పకుండా పని పొడవుదాకా ఉండాలి. కోన్ పొట్టిగా ఉండి అడుగంతా సీలరే ఉంటే గట్టిపడ్డాక దాన్ని దాటడం చాలా కష్టం.

(ప్రేక్షకుల్లోంచి ప్రశ్న: "మేడమ్, ల్యాబ్ పరీక్షల్లో ఏ పద్ధతి బాగా సీల్ చేస్తుందని తేలింది?")

ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను. పరీక్షలు వేలకొద్దీ ఉన్నాయి. పీకిన పన్ను నింపి, ఇంకులో ముంచి, రంగు ఎంత దూరం పాకిందో కొలవడం. ఒకరు వేడి పద్ధతి గొప్పదంటే, ఇంకొకరు అదే ఇంకుతో లాటరల్ గొప్పదన్నారు. కారణం 1989లో బయటపడింది. ఖాళీల్లో ఉన్న గాలి రంగుని లోపలికి రానివ్వదని స్పాంగ్‌బెర్గ్ బృందం చూపించింది. వాక్యూమ్‌లో చేస్తే అదే పన్ను వేరే ఫలితం ఇస్తుంది. అంటే ఖాళీ ఎక్కువున్న పన్ను లీక్ కానట్టు కనిపించొచ్చు! తర్వాత ద్రవం ఒత్తిడితో కొలిచారు, గ్లూకోజ్‌తో కొలిచారు, బాక్టీరియాతో కొలిచారు. ఒకదాని ఫలితం ఇంకోదానితో సరిగ్గా కలవలేదు. ఇలాంటి లీకేజ్ పరీక్షల అంకె మాత్రమే చూసి ఒక పద్ధతిని ఎంచుకోకండి.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ రెజిలాన్. 2004లో వచ్చింది. గట్టా పర్చా బదులు పాలిమర్, దానికి అతుక్కునే రెజిన్ సీలర్, అది డెంటిన్‌కి అతుక్కుంటుంది, అంతా కలిసి ఒకే ముద్ద, మోనోబ్లాక్ అన్నారు. మొదటి ల్యాబ్ పరీక్షల్లో అద్భుతంగా సీల్ చేసింది. కానీ చుట్టూ గోడలున్న సన్నటి గొట్టంలో రెజిన్ గట్టిపడితే కుంచించుకుపోయి ఎక్కడో ఒక గోడని వదిలేస్తుంది. పైగా ఆ పాలిమర్ ఎంజైములకి విచ్ఛిన్నం అవుతుందని తేలింది. ఏళ్ల తర్వాత రోగుల్ని పిలిచి చూస్తే గట్టా పర్చా కంటే ఎక్కువ విఫలమైంది. వారం తర్వాత ఉన్న సీల్ వేరు, పదేళ్ల తర్వాత మిగిలిన సీల్ వేరు.

మరి రోగుల్లో ఏముంది? 2007లో వేడి గట్టా పర్చానీ లాటరల్‌నీ పోల్చిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు. నొప్పిలో, దీర్ఘకాల ఫలితంలో తేడా లేదు. వేరు కొన దాటిపోవడం మాత్రం వేడి పద్ధతిలో ఎక్కువ. తేడా తెచ్చేవి వేరే ఉన్నాయి. 1990లో షోగ్రెన్ బృందం, వేరు కొన దగ్గర జబ్బు ఉన్న పళ్లని చాలా ఏళ్ల తర్వాత చూస్తే, ఫిల్లింగ్ కొనకి 2 మిల్లీమీటర్ల లోపు ఆగినవాటిలో 94 శాతం మానాయి. దాటిపోయినవాటిలో 76, ఇంకా ముందే ఆగినవాటిలో 68. అదే బృందం 1997లో, నింపే ముందు కెనాల్‌లో బాక్టీరియా ఉందా లేదా చూసి నింపింది. లేనివి 94 శాతం మానాయి, ఉన్నవి 68. రెండుచోట్లా అంకెలు కలవడం యాదృచ్ఛికమే, కానీ నాకు ఎప్పటికీ మర్చిపోలేని అంకెలయ్యాయి. 2008లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ఫలితాన్ని మెరుగుపరిచే నాలుగు విషయాలు తేల్చింది: ముందే కొన దగ్గర జబ్బు లేకపోవడం, ఖాళీలు లేని ఫిల్లింగ్, కొనకి 2 మిల్లీమీటర్ల లోపు ఆగడం, పైన మంచి రెస్టరేషన్, అంటే పంటి పైభాగాన్ని మూసే ఫిల్లింగ్ లేదా క్యాప్. అందులో పద్ధతి పేరు లేదు. ఖాళీ లేకపోవడం ఉంది.

(ఇంకో ప్రశ్న: "అంటే ఏ పద్ధతైనా ఒకటేనా?")

లేదండి, ఒకటే కాదు. సగటు మీద ఒకటే. మీ ముందు కూర్చున్న రోగికి సగటు పన్ను ఉండదు. లోపలి రిసార్ప్షన్ వల్ల, అంటే పన్ను లోపలినుంచి కరిగిపోవడం వల్ల, కెనాల్ మధ్యలో బుడ్డిలా ఉబ్బితే చల్లటి కోన్ అక్కడ ఏం చేయలేదు, వేడి గట్టా పర్చాయే కావాలి. కింది దవడ రెండో మోలార్‌లో సీ ఆకారపు కెనాల్ ఉంటే అంతే. వేరు కొన తెరుచుకుని ఉంటే వేడి ముద్ద ప్రమాదం, అడుగున నాలుగైదు మిల్లీమీటర్ల ఎంటీఏ అనే సిమెంటు ప్లగ్ పెట్టి పైన నింపండి. నిటారుగా, గుండ్రంగా ఉంటే మీకు బాగా చేతనైనది చేయండి. నేను భయపడేది ఒకే పద్ధతి నేర్చుకుని ప్రతి పంటికీ అదే చేసేవాళ్లని చూస్తే. కెనాల్‌ని బట్టి పద్ధతి మారాలి.

పద్ధతి ఏదైనా, సీల్‌ని ముందే పాడుచేసేవి కొన్ని ఉన్నాయి. ఫైల్ రుద్దినప్పుడు గోడ మీద ఏర్పడిన స్మియర్ లేయర్ అలాగే ఉంటే సీలర్ డెంటిన్ మీద కాదు, ఆ మురికి మీద కూర్చుంటుంది. దాన్ని తీయడానికి 17 శాతం ఈడీటీఏ ద్రావణం ఒక నిమిషం చాలు. అంతకుముందు విజిట్‌లో మందుగా పెట్టిన కాల్షియం హైడ్రాక్సైడ్‌ని పూర్తిగా తీయకపోతే గోడ మీద తెల్లటి పొరలా ఉండిపోతుంది. ఎక్స్‌రేలో అదీ తెల్లగానే ఉంటుంది కాబట్టి మోసపోతాం.

ఇక పైన మూత. ఇక్కడ నాకు నిజంగా బాధ కలుగుతుంది. గంటన్నర కష్టపడి అడుగంతా మూసి, పైన ఇంత దూది, ఇంత పల్చటి టెంపరరీ పెట్టి, క్యాప్‌కి నెల తర్వాత రమ్మంటాం. 1990లో టొరాబినెజాద్ బృందం, నింపిన కెనాల్స్‌ని పైన మూయకుండా బాక్టీరియాకి వదిలేస్తే, ఒక రకం బాక్టీరియా 19 రోజుల్లో సగానికి పైగా పళ్లలో అడుగుదాకా చేరింది. ఇంకో రకానికి 42 రోజులు పట్టింది. 1995లో రే, ట్రోప్ 1010 పళ్ల ఎక్స్‌రేలు చూశారు. రూట్ ఫిల్లింగ్, రెస్టరేషన్ రెండూ బాగున్న చోట 91.4 శాతం పళ్లకి కొన దగ్గర జబ్బు లేదు. రూట్ ఫిల్లింగ్ బాగుండి రెస్టరేషన్ బాగోలేని చోట 44.1 శాతమే. తర్వాతి అధ్యయనాలు రెండింటికీ సమాన బరువు ఇచ్చాయి. ఏదైనా, మీరు గట్టా పర్చాని కెనాల్ నోటికి ఒకటి రెండు మిల్లీమీటర్ల కిందికి కోసి, ఆ గుంటని అదే రోజు అతుక్కునే పదార్థంతో మూసేయండి. టెంపరరీ తప్పదంటే కనీసం మూడున్నర మిల్లీమీటర్ల మందం ఉండాలి. దూది ఎంత మందం ఉంటే టెంపరరీకి అంత చోటు తగ్గుతుంది.

ఇక ట్రే. వీటిని పారదర్శకంగా చేసిన పళ్లు అంటారు. నింపిన పన్నుని 5 శాతం నైట్రిక్ ఆసిడ్‌లో కొన్ని రోజులు ఉంచి ఖనిజం తీసేస్తాం. కడిగి, ఆల్కహాల్‌లో నీరంతా తీసి, మిథైల్ శాలిసిలేట్‌లో వేస్తాం. పన్ను గాజులా మారిపోయి లోపలి గులాబి రంగు గట్టా పర్చా కనిపిస్తుంది. డబ్బా మూత తీస్తే నొప్పుల బామ్ వాసన వస్తుంది, కంగారు పడకండి. ప్రతి ఒక్కరూ తాము నింపిన పీకిన పళ్లని ఇలా చేసి చూసుకోవాలని నా కోరిక. ఖర్చు తక్కువ, మీ చెయ్యి ఏం చేసిందో మీ కంటికి చూపిస్తుంది.

మొదటి వరుస లాటరల్, రెండోది వేడి వర్టికల్, మూడోది సింగిల్ కోన్. గ్లవ్స్ వేసుకుని, ఫోర్‌సెప్స్‌తో పట్టుకోండి, మెత్తగా ఉంటాయి. మూడో వరుసలో నాలుగో పన్నుని ముందు బుగ్గ వైపు నుంచి చూడండి. తర్వాత దీపానికి ఎదురుగా పెట్టి, మెల్లగా పక్కకి తిప్పండి.